బుట్ట చేతులు

మా అక్క కరుణకి చీరాలలో ఒక కుట్టు కొట్టు ఉంది. కొట్టంటే ఇంటి ముందు వసారాకి రేకు తలుపు బిగించి చేసుకున్న గది. రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, గోడ పొడవునా దండెం, దాని మీద కుట్టడం పూర్తయిన జాకెట్లు. నేను గుంటూరులో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాక, నెలకోసారి రైలెక్కి అక్క దగ్గరికి పోయి రెండు మూడు రోజులుండి వస్తున్నాను. అక్క కుడుతూ ఉంటుంది, నేను పక్కన కూర్చుని హుక్కులు కుడతాను, కాజాలు తీస్తాను. మధ్యలో టీ. అట్లా కూర్చుని ఉన్న ఒక పూట కొట్టు ముందు కారు ఆగింది. జుట్టుకి రంగేసుకున్న ఒక పెద్దావిడ, వెనక పద్దెనిమిదేళ్ల అమ్మాయి దిగారు. ఆ పెద్దావిడ గడపలో నిలబడి "కరుణా, గుర్తుపట్టావా?" అంది. అక్క కళ్లజోడు పైకి తోసుకుని చూస్తోంది. నేను గుర్తుపట్టాను. మా ఊరి కామందు గారి కూతురు విజయ.

కుర్చీ వేశాం. మంచినీళ్లిచ్చాం. తాగింది. ఆమె తాగుతుందా లేదా అని నేను గ్లాసు వైపే చూశానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. వచ్చిన పని చెప్పింది. మనవరాలు శ్రీజకి ఏదో పెళ్లిలో వేసుకోవడానికి బుట్ట చేతుల జాకెట్టు కావాలట. ఆ ఫ్యాషన్ మళ్లీ వచ్చిందట. గుంటూరు బొటిక్‌లలో కుట్టినవి ఈ పిల్లకి నచ్చలేదట. చీరాలలో ఒకావిడ పాతకాలం పద్ధతిలో కుచ్చు నిలబడేట్టు కుడుతుందని ఎవరో చెబితే, పేరు అడిగితే, అది కరుణ అని తెలిసిందట. ఇదంతా చెప్పి, నవ్వుతూ మనవరాలి వైపు తిరిగి, "మేమిద్దరం ఒక ఊరివాళ్లమే. చిన్నప్పుడు మేం ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలున్న ఒకే గుడ్డతో ఒకేలాంటి జాకెట్లు తొడుక్కున్నాం, తెలుసా?" అంది. ఆ పిల్ల చేతిలో ఫోను పక్కన పెట్టి, "అవునా అమ్మమ్మా, ఎంత క్యూట్‌గా ఉంది!" అంది.

నేను లేచి బయటికి వచ్చేశాను. ఎదురుగా బడ్డీ కొట్టువాడు ఏం కావాలని అడిగితే ఏమీ వద్దన్నాను. ఎండలో నిలబడ్డాను. లోపలుంటే నా నోట్లోంచి ఏమొస్తుందో నాకే నమ్మకం లేదు. ఆమె అన్న మాట అబద్ధమైతే నాకంత మంట పుట్టేది కాదు. అది నిజం. ఒకే గుడ్డ, ఒకేలాంటి జాకెట్లు. అంతవరకూ నిజమే. మిగతా నిజం ఆమె తినేసింది. ఆ మిగతాది రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను. చల్లగా రాయమని నన్నెవరూ అడగవద్దు.

పర్చూరు వైపు నల్లరేగడి నేలల్లో మాదొక ఊరు. ఊరు అని అలవాటుగా రాస్తున్నాను గానీ మేం ఊళ్లో ఉండేవాళ్లం కాదు. ఊరు వాళ్లది. వాగు దాటాక ఉండే పల్లె మాది. పల్లెలో సున్నం కొట్టిన చిన్న చర్చి, దాని పక్కన పాస్టరుగారి ఇల్లు, మిగిలినవన్నీ తాటాకు కప్పులు. పత్తి, మిరప, పొగాకు వాళ్ల పొలాల్లో పండేవి. తియ్యడం, కొయ్యడం, మొయ్యడం మావి. మా నాన్న దేవదానం కామందు గారింట్లో పాలేరు. మా అమ్మ మార్తమ్మ వాళ్ల పొలాల్లోనే కూలికి పోయేది.

అమ్మని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, చొక్కా. మిరప కోతలప్పుడు ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కునేవాళ్లు. చేతులు నిండా ఉండాలి, మెడ దాకా గుండీలుండాలి. లేకపోతే ఘాటుకి ఒళ్లు దద్దుర్లు తేలుతుంది. అమ్మది నాన్న విడిచేసిన ఖాకీ చొక్కా. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు వాకిలి బయటే దాన్ని విప్పి దడి మీద వేసేది. లోపలికి తెస్తే ఇంటిల్లిపాదీ దగ్గుతాం. గచ్చకాయంత ఆముదం అరచేతుల్లో రాసుకుని, తర్వాత బూడిదతో తోముకుని, నీళ్లు పోసుకున్నాక గానీ మమ్మల్ని ముట్టుకునేది కాదు. నేను గుంజ పట్టుకుని ఎదురుచూసేదాన్ని. ఒకసారి ఆగలేక పోయి కాళ్లు చుట్టేశాను. కారం కళ్లలో పడి రాత్రంతా ఏడ్చాను. అప్పట్నుంచి ఆమె రావడం చూడగానే చేతులు రెండూ పైకెత్తి, నన్ను తాకొద్దు అన్నట్టు వెనక్కి అడుగేసేది. కన్నతల్లి కూతురిని చూసి వెనక్కి అడుగేసే ఆ భంగిమ మా అక్కచెల్లెళ్లిద్దరికీ బాగా తెలుసు. పత్తి తీతలప్పుడు అదే చొక్కా. పొగాకు నారు నాటేటప్పుడు అదే చొక్కా. ఆదివారం చర్చికి మాత్రం అమ్మ తెల్ల చీర కట్టేది. గంజి పెట్టి, పరుపు కింద మడత పెట్టడానికి పరుపు లేదు గనక, చాప కింద పెట్టి దాని మీద పడుకునేది.

బట్టలదేముంది అనేవాళ్లని నేను జీవితమంతా చూశాను. టీచర్ల గదిలో, మీటింగుల్లో, పెళ్లిళ్లలో చూశాను. మనిషికి గుణం ముఖ్యం, బట్టలదేముంది అంటారు. ఆ మాట అనేవాళ్లకి పుట్టినప్పటి నుంచీ బట్టలున్నాయి. మా ఊళ్లో బట్టలదే అంతా ఉంది. మగవాడి పంచ మోకాలికి పైనుందా కిందుందా, తువ్వాలు భుజం మీదుందా చంకలో ఉందా, ఆడపిల్ల లంగా చీలమండ పైకుందా నేలని ఊడుస్తోందా, చూడగానే ఊరు వాళ్లెవరో పల్లె వాళ్లెవరో తెలిసిపోయేది. మొహం చూడనక్కర్లేదు. మా నాయనమ్మ రవికె తొడిగేది కాదు. పాతకాలం మనిషి, అలవాటు లేదేమో అనుకునేదాన్ని. అలవాటు కాదని అమ్మ చెప్పింది. ఆమె వయసులో ఉన్నప్పుడు తొడుక్కోనిచ్చేవాళ్లు కాదు. తర్వాత తొడుక్కోమన్నా, ఇంకెందుకు అని ఆమె తొడుక్కోలేదు. నాన్న ఆదివారం ప్రార్థనకి ఉతికిన చొక్కా వేసుకునేవాడు గానీ, ఊరి బజారు గుండా పోవాల్సొస్తే దాన్ని విప్పి తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకునేవాడు. నన్ను వెంటబెట్టుకుని పోయేటప్పుడు కూడా అంతే. బజారు దాటాక మళ్లీ తొడుక్కునేవాడు. గుండీలు నేను పెట్టేదాన్ని. అదొక ఆట అనుకునేదాన్ని.

అక్క నాకంటే ఏడేళ్లు పెద్దది. పదో తరగతి తర్వాత చీరాలలో క్రైస్తవ మిషనరీలు నడిపే కుట్టు బడిలో ఏడాది ఉండి వచ్చింది. వచ్చాక పాస్టరమ్మగారి మిషన్ మీద పల్లెలో ఆడవాళ్లకి జాకెట్లు కుట్టేది. అప్పటిదాకా మా వాళ్ల జాకెట్లంటే ఒంటికి సంచి తగిలించినట్టుండేవి. అక్క చేతుల్లో పడ్డాక భుజం భుజం మీద, నడుం నడుం దగ్గర కూర్చున్నాయి. పల్లెలో ఆడవాళ్లు నడిచే తీరే మారింది అంటే మీరు నవ్వుతారేమో. నేను చూశాను. మా పక్కింటి సోమమ్మ వయసు మళ్లిన మనిషి, అక్క కుట్టిన జాకెట్టు తొడుక్కుని నీళ్ల బిందె ఎత్తుకుని, ఎన్నడూ లేనిది తలెత్తి నడిచింది. ఆ కాలంలో బుట్ట చేతులు కొత్తగా వచ్చాయి. చీరాల వెళ్లే బస్సుల్లో కాలేజీ అమ్మాయిలు వేసుకునేవాళ్లు. అక్క ఒకసారి చూస్తే చాలు, ఇంటికొచ్చి పాత పేపరు మీద గీసి, కత్తిరించి, గుండుసూదులు గుచ్చి ఆకారం తెచ్చేది.

అది కామందు గారింట్లో తెలిసింది. విజయ గుంటూరు నుంచి తెచ్చుకున్న గుడ్డ ఇక్కడి టైలరు పాడుచేస్తాడని భయపడి, నాన్న ద్వారా అక్కని పిలిపించింది. లేత ఆకుపచ్చ గుడ్డ, మీద తెల్ల చుక్కలు. ఇద్దరిదీ ఒకే వయసు. పెరట్లో నిలబడి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చేతి మీద కుచ్చు ఎంత పెట్టాలి, పట్టీ ఎంత వెడల్పుండాలి, ఇవే మాటలు. నేను పక్కన ఉన్నాను. నిజం చెప్పాలి, ఆ రోజు విజయ మా అక్కతో ఒక స్నేహితురాలితో మాట్లాడినట్టే మాట్లాడింది. అందుకే నాకు ఇంకా కోపం. జాకెట్టు కుట్టి ఇచ్చిన రోజు ఆమె అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, మిగిలిన గుడ్డ అక్క చేతిలో పెట్టి, "ఇది నువ్వుంచుకోవే. నువ్వు కూడా ఒకటి కుట్టుకో, ఇద్దరం ఒకేలాగుంటాం" అంది. ఆ మాట నా చెవులతో విన్నాను.

మిగిలిన గుడ్డ ఒక జాకెట్టుకి చాలదు. అక్క చంకల కింద, వీపు లోపలి వైపు, ఎక్కడైతే కనపడదో అక్కడ అతుకులేసి సరిపెట్టింది. చేతులకి మాత్రం అతుకు లేకుండా మంచి ముక్క ఉంచింది. బుట్టలు గుండ్రంగా నిలబడ్డాయి. దానికి తోడు పాత చీరతో నేలదాకా లంగా కుట్టుకుంది. క్రిస్మస్‌కి వేసుకుంది, ఎవరూ ఏమీ అనలేదు. పల్లెలోనే ఉన్నాం గదా. కొత్త సంవత్సరం రోజు పొద్దున పక్క ఊళ్లో ప్రార్థనకి పోయి, బస్సు దిగి ఇద్దరం ఊరి మీదుగా ఇంటికి నడిచి వస్తున్నాం. అదే బస్సులో కామందు గారి చెల్లెలు, గుంటూరులో ఉండే ఆవిడ, ముందు తలుపు నుంచి దిగిందని మాకు తెలియదు. వెనక నుంచి "విజయా, ఆగవే" అని పిలుపు వినపడింది. మమ్మల్ని కాదనుకుని మేం ఆగలేదు. ఆవిడ గబగబా వచ్చి అక్క భుజం చుట్టూ చెయ్యేసి, ఇంకో చేత్తో బుగ్గ పట్టుకుని, "ఎదురొచ్చావా అమ్మా" అంది. అక్క తిరిగింది.

ఆవిడ మొహంలో ముందు తికమక కనిపించింది. "ఎవరి పిల్లవే నువ్వు?" అంది. నాకు పదేళ్లు. పెద్దవాళ్లు అడిగితే గట్టిగా చెప్పాలని బళ్లో నేర్పారు గనక, "పాలేరు దేవదానం కూతుళ్లం అండీ" అని చెప్పాను. ఆవిడ చెయ్యి తీసేసింది. తన చీర కొంగుతో ఆ చెయ్యి తుడుచుకుంది. అక్కనీ నన్నూ ఒక మాట కూడా అనకుండా ముందుకు నడిచి వెళ్లిపోయింది. ఎండలో మా ఇద్దరి ముందూ ఆవిడ చెప్పుల చప్పుడు చాలా దూరం దాకా వినిపించింది. అక్క నడక మెల్లగా చేసింది, ఆవిడ బాగా ముందుకు పోయేదాకా.

మర్నాడు మధ్యాహ్నం నాన్న ఇంటికి వచ్చాడు. ఆ వేళప్పుడు పాలేరు ఇంటికి రావడం అంతకు ముందు నేను ఎరగను. అరుగు మీద కూర్చుని, అమ్మ మంచినీళ్లిస్తే తాగకుండా పక్కన పెట్టాడు. అమ్మగారు, అంటే విజయ తల్లి, గొడ్ల చావిడి దగ్గరికి వచ్చి చెప్పిందట. కేకలెయ్యలేదట. మామూలుగానే చెప్పిందట. మా ఆడబిడ్డ నీ కూతుర్ని మా పిల్ల అనుకుని ముట్టుకుంది, ఇట్టా అయితే రేపు ఎవరు ఎవరో ఎట్టా తెలుస్తుంది దేవదానం, అందట. తర్వాత నాన్న తల దించుకుని అమ్మతో అసలు మాట అన్నాడు: "ఆ చేతులు కోసేసి, పిల్లని తీసుకొచ్చి చూపించమంది."

జాకెట్టు చేతులని అందరికీ అర్థమైంది. నాకు కాలేదు. నేను అక్క చేతులే అనుకున్నాను. ఊళ్లో వాళ్లు ఏదైనా చెయ్యగలరని నాకు ఆ వయసుకే తెలుసు గనక, అనుమానం కూడా రాలేదు. పోయి అక్క రెండు చేతులూ పట్టుకుని నా లంగాలో చుట్టేసుకుని కూర్చున్నాను. ఎవరు లాగినా వదల్లేదు. అక్క నవ్వి చెప్పింది, చేతులంటే ఇవి కాదే, బట్టవి అని. ఆ నవ్వు చూసి నేను తేలికపడ్డాను. పదేళ్ల పిల్ల, తన అక్క చేతులు నరకడం లేదు, బట్టే కోస్తారట అని సంతోషపడింది. ఇంతకంటే దరిద్రం ఏదైనా ఉంటే నాకు చెప్పండి.

అక్క మొదట ఒప్పుకోలేదు. గుడ్డ ఆవిడ కూతురే ఇచ్చింది, ఇద్దరం ఒకేలాగుంటాం అంది కూడా ఆవిడ కూతురే, పోయి ఆ పిల్లని అడగమని నాన్నతో అంది. నాన్న అడగలేదు. పాలేరు పోయి కామందు కూతురిని సాక్ష్యం అడుగుతాడా? పాస్టరుగారు వచ్చి కూర్చుని, స్త్రీకి అణకువే అలంకారం అన్న ధోరణిలో చాలాసేపు చెప్పాడు. ఆయన మంచివాడు. మా పిల్లలందరికీ అక్షరాలు దిద్దించినవాడు. అయినా ఆ రోజు ఆయన దేవుణ్ణి కామందు గారి పెరట్లో కట్టేశాడు. మూడోనాడు అమ్మ కోతకి పోతే, నీకు పని లేదు పొమ్మన్నారు. ఆ తర్వాత రోజు పల్లె ఆడవాళ్లందరికీ అదే చెప్పారు. కాయ పండి చేల మీద ఉంది, వాళ్లు పొరుగూరి నుంచి కూలీలని తెచ్చుకున్నారు. సాయంత్రానికి మా వాకిట్లో జనం. తల ఎత్తి నడిచిన సోమమ్మే అమ్మతో అంది, "రెండు చేతుల కోసం పల్లెంతా పస్తు పడుకోవాలంటే ఎట్టా మార్తా?" ఆమెని నేను తప్పు పట్టను. పస్తు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కానీ చూడండి, మమ్మల్ని మా చేతే ఎట్లా అడిగించారో.

మర్నాడు అక్క పొద్దున్నే లేచి తలంటుకుని, ఆ జాకెట్టే తొడుక్కుని, నేలదాకా లంగా కట్టుకుని, అమ్మని రమ్మంది. నేనూ వెంటపడ్డాను. పెరటి గుమ్మం నుంచి పోయాం. అమ్మగారు వసారాలో పీట మీద కూర్చుని గోంగూర తుంచుతోంది. పనివాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. మమ్మల్ని చూసి, ఇంటి దగ్గరే కోసుకుని రమ్మన్నాను గదా అంది. అక్క, ఇక్కడైతే మీరు చూస్తారు గదండీ అంది. మర్యాదగానే అంది. తన ఒంటి మీదున్న జాకెట్టు చేతులు తనే కోసుకోవడం కుదరదు. కత్తెర అమ్మ చేతికిచ్చింది.

ఆ సీజనులో అమ్మ వేళ్లు ఎప్పుడూ మండుతూనే ఉండేవి, గోళ్ల పక్కన చర్మం పగిలి ఉండేది. కత్తెర మీద సరిగా పట్టు దొరకలేదు. కుడి చెయ్యి కోసేటప్పుడు కొస తగిలి అక్క దండచేతి మీద గీరుకుంది. నెత్తురు సన్నగా మోచేతి దాకా కారింది. అమ్మ ఆపేసింది. అక్క, కానియ్యమ్మా అంది. బుట్టలు రెండూ మట్టిలో పడ్డాయి. అప్పుడు నేను తలెత్తి చూశాను. నడవ గుమ్మంలో విజయ నిలబడి ఉంది. ఆమె ఒంటి మీద అదే ఆకుపచ్చ జాకెట్టు, అక్క కుట్టిందే. ఆమె ఒక్క మాట అనుంటే సరిపోయేది. గుడ్డ నేనే ఇచ్చానమ్మా, అంతే. ఆమె మా అక్క వైపు చూసింది, లోపలికి వెళ్లిపోయింది. అమ్మగారు అక్కని ఎగాదిగా చూసి, "ఇప్పుడు బాగుంది. నీకు తగ్గట్టుంది" అంది. అని, లోపలికి పోయి తన పాత చీర ఒకటి తెచ్చి అమ్మ చేతుల్లోకి పైనుంచి వదిలింది. మంచి మనసు. ఇప్పటికీ ఊళ్లో వాళ్లు ఆవిడ గురించి ఎంత పెట్టే చెయ్యి గల మనిషో అని చెప్పుకుంటారు. అమ్మ దండం పెట్టి తీసుకుంది. పెట్టకపోతే కుదరదు. ఇంటికొచ్చి ఆ చీరని చించి ముక్కలు చేసి, కోతలకి పోయే ఆడవాళ్లందరికీ వేళ్లకి చుట్టుకోవడానికి పంచింది. అమ్మ నోటితో తిట్టిన మనిషి కాదు. ఆ చించడం విన్నవాళ్లకి తెలుసు.

నెల తిరక్కుండా అక్క చీరాల వెళ్లిపోయింది. కుట్టు బడిలోనే చిన్న పిల్లలకి నేర్పే పని దొరికింది. అక్కడే మిషనరీల ఆసుపత్రిలో పనిచేసే ఆయన్ని చేసుకుంది. బావ పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు స్థిరపడ్డారు. అక్క ఈ ఊళ్లో మూడు తరాల ఆడవాళ్లకి జాకెట్లు కుట్టింది. బుట్ట చేతులు, గంట చేతులు, చేతులే లేనివి, వీపు మీద తాళ్లున్నవి, ఎన్ని ఫ్యాషన్లు వచ్చి పోయాయో అన్నీ ఆమె చేతుల మీదుగానే పోయాయి. తను మాత్రం ఆ రోజు నుంచి మోచేతి దాకా బిగుతుగా ఉండే సాదా చేతుల జాకెట్టు తప్ప వేరేది తొడగలేదు. కుడి దండ మీద గీత కనపడకుండా అని చెబుతుంది.

నేను హాస్టళ్లలో చదివి టీచరునయ్యాను. మొదటి జీతం నుంచీ గంజి పెట్టిన నేత చీరలు, దానికి సరిపోయే జాకెట్టు, చేతికి వాచీ, ఇదే నా వేషం. వేషం అనే అంటాను. ఎంత శ్రద్ధగా కట్టేదాన్నంటే, ఇస్త్రీ మడత చెడితే ఆ రోజు బడికి పోవడానికి కాళ్లు రావు. పిల్లలు నన్ను చీరల టీచరనేవాళ్లు. నాకు చీరలంటే ఇష్టం అనుకున్నారు. ఇష్టమే. కానీ ప్రతి పొద్దునా అద్దం ముందు ఎవరో నన్ను వెనక నుంచి చూస్తున్నట్టు, పిలవబోతున్నట్టు, తిరిగితే చెయ్యి తుడుచుకోబోతున్నట్టు ఉండేది. రిటైర్‌మెంటు రోజు నాతో పదిహేనేళ్లు పక్క కుర్చీలో కూర్చున్న ఒక టీచరమ్మ, నిజంగా ప్రేమగా, "మిమ్మల్ని చూస్తే ఎవ్వరూ అట్లా అనుకోరండీ మేడమ్" అంది. ఎట్లా అనుకోరు అని నేను అడగలేదు. అడగాల్సింది. ఆమెకి అది మెచ్చుకోలు. ఆ రోజుల్లో మేం వాళ్లలా కనపడితే చేతులు కోశారు. ఇప్పుడు మేం మాలా కనపడకపోతే మెచ్చుకుంటున్నారు. ఏం మారిందని నన్ను ఊరుకోమంటారు? బులెట్టు బండెక్కి నల్ల కళ్లజోడు పెట్టుకున్నాడని పల్లె కుర్రాణ్ణి కొట్టారన్న వార్త ఇప్పటికీ పేపర్లో ఏదో మూల కనపడుతూనే ఉంది. ఎవరి ఒంటికి ఏది తగునో నిర్ణయించే హక్కు తమదేననుకునేవాళ్లు పోలేదు. పీట మీంచి లేచి సోఫాలో కూర్చున్నారు.

ఎండలో ఎంతసేపు నిలబడ్డానో, చివరికి మళ్లీ లోపలికి వెళ్లాను. విజయ ఎదురుగా కూర్చుని, ఆమెతో కాకుండా ఆ పిల్లతో మాట్లాడాను. ఒకే గుడ్డ అన్నది నిజమేనమ్మా అని మొదలుపెట్టి, పైన రాసిందంతా చెప్పాను. గొంతు పెంచకుండా చెప్పాలనుకున్నాను గానీ కుదరలేదు. బడ్డీ కొట్టు దాకా వినపడే ఉంటుంది. అక్క మధ్యలో రెండుసార్లు నా మోకాలి మీద చెయ్యేసింది, నేను ఆపలేదు. శ్రీజ మొహం పాలిపోయింది. అమ్మమ్మ వైపు తిరిగి నిజమా అని అడిగింది.

విజయ పర్సు ఒళ్లో పెట్టుకుని దాని పట్టీ సర్దుకుంటూ, "నాకు గుర్తు లేదమ్మా" అంది. "అయినా అప్పటి పెద్దవాళ్ల పద్ధతులు అట్టా ఉండేవి. మనమేం చేస్తాం?"

గుర్తు లేదట. జాకెట్టు రంగు గుర్తుంది, చుక్కలు గుర్తున్నాయి, ఇద్దరూ తొడుక్కున్నది గుర్తుంది. నడవ గుమ్మం గుర్తు లేదు. నేను ఆమెని నమ్మాను. అదే భరించలేకపోయాను. ఆమె అబద్ధం చెబుతుంటే కనీసం ఆ రోజు ఆమె లోపల ఎక్కడో ఉన్నట్టు. నిజంగానే గుర్తు లేకపోతే, మా అక్క నెత్తురు వాళ్లింట్లో ఒక మామూలు పొద్దున జరిగిన చిన్న పని.

శ్రీజ లేచి నిలబడి, నాకు జాకెట్టు వద్దండీ అంది. అప్పుడు అక్క మెడలో టేపు తీసి, ఇట్రా అని పిలిచింది. "ఎందుకొద్దు? నీ భుజాలకి బాగుంటుంది. చేతులెత్తు" అని కొలతలు తీసుకుంది. వాళ్లు వెళ్లాక నేను అక్కని తిట్టాను. చిన్నప్పటి నుంచీ అక్కని ఎన్నడూ అననంత మాట అన్నాను, నీకు సిగ్గు లేదా అన్నాను. అక్క మిషన్ కింద పడ్డ దారాలు ఊడుస్తూ, ఒక ఆడపిల్లని పట్టుకుని ఇది నువ్వు తొడుక్కోవద్దు అని నేనెట్టా అంటానే, ఆ మాట నా నోటితో రాదు అంది. ఆమె ఆ మాట అనగలిగినందుకు నేను గర్వపడాలేమో. పడ్డాను కూడా. కానీ నా కోపం ఇసుమంత తగ్గలేదు. అక్క పెద్దమనసు వల్ల మళ్లీ వాళ్లకే లాభం జరిగింది.

జాకెట్టు తీసుకోవడానికి వస్తున్నామని ఫోన్ చేసిన రోజు నేను కావాలనే చీరాలలో ఉన్నాను. ఆ పిల్ల లోపలికి పోయి తొడుక్కుని వచ్చి అద్దం ముందు నిలబడింది. వంకాయ రంగు పట్టు, సన్నటి పట్టీ, బుట్టలు గుండ్రంగా నిలబడి ఉన్నాయి. ఒప్పుకోవాలి, చాలా బాగుంది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. అద్దంలోంచి అక్కనే చూస్తోంది. విజయ కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చి, చేతి మీద కుచ్చు సవరించి, కళ్లు చెమర్చి, "కరుణా, అచ్చం మన అప్పటి జాకెట్టే" అంది.

"మన అప్పటిది కాదండీ," అన్నాను. "మీ అప్పటిది."

ఆమె చెయ్యి మనవరాలి భుజం మీదే ఆగిపోయింది. శ్రీజ మెల్లగా తన భుజం కిందికి దించుకుని, ఆ చేతి కింద నుంచి పక్కకి జరిగింది.